హువాన్ రోమన్ రికెల్మే కెరీర్: తరచుగా అడిగే ప్రశ్నలు

మెస్సీ వల్ల అర్జెంటీనా ఫుట్‌బాల్ చూడటం మొదలుపెట్టిన తెలుగు అభిమానులు చాలామంది ఉన్నారు. పాత వీడియోలు వెతుకుతూ వెళ్తే ఎక్కడో ఒకచోట రికెల్మే తగులుతాడు. పొడుగ్గా, కాస్త నెమ్మదిగా, నవ్వు కనిపించని ముఖంతో, చుట్టూ ఎంతమంది ఉన్నా బంతి వదలకుండా నిలబడిన 10 నంబర్ ఆటగాడు. అతన్ని చూశాక ఎవరికైనా వచ్చే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇవి.

రికెల్మే ఏ స్థానంలో ఆడేవాడు?

అటాకింగ్ మిడ్‌ఫీల్డర్. అర్జెంటీనాలో ఈ పాత్రను ‘ఎంగాంచే’ అంటారు. మిడ్‌ఫీల్డ్‌కీ, ముందున్న స్ట్రైకర్లకీ మధ్య నిలబడి జట్టు మొత్తాన్ని కలిపే మనిషి. డిఫెన్స్ నుంచి వచ్చిన బంతి ముందు అతని దగ్గరికి వెళ్తుంది, గోల్ దాకా ఎలా వెళ్లాలో అక్కడ తేలుతుంది. ఫ్రీ కిక్‌లు, కార్నర్‌లు, పెనాల్టీలు కూడా ఎక్కువగా అతనే తీసుకునేవాడు.

సీనియర్ స్థాయిలో నాలుగే క్లబ్బులకు ఆడాడు: అర్జెంటీనాలో బోకా జూనియర్స్, స్పెయిన్‌లో బార్సిలోనా, విల్లారియల్, చివర్లో కొన్ని నెలలు మళ్లీ అర్జెంటీనాలో అర్జెంటినోస్ జూనియర్స్.

ఎక్కడ పుట్టాడు? ఎలా పెరిగాడు?

1978 జూన్ 24న బ్యూనస్ ఐరిస్ రాష్ట్రంలోని సాన్ ఫెర్నాండోలో పుట్టాడు. మర్నాడే అర్జెంటీనా మొదటిసారి ప్రపంచ కప్ గెలిచింది. పెరిగింది రాజధానికి ఉత్తరాన ఉన్న డాన్ టొర్క్వాటోలో. డబ్బు తక్కువ, పిల్లలు ఎక్కువ ఉన్న ఇల్లు. అందరిలో పెద్దవాడు రోమన్. ఎంత సంపాదించినా, ఎంత పేరొచ్చినా ఆ పేటతో, చిన్ననాటి స్నేహితులతో సంబంధం తెంచుకోలేదు. అతని కెరీర్‌లోని పెద్ద నిర్ణయాల్లో చాలావరకు ఈ విషయం తెలిస్తేనే అర్థమవుతాయి. యూరప్‌లో ఇంకా ఆడగలిగే వయసులో ఇంటికి తిరిగొచ్చిన మనిషి అతను.

బోకాలోకి ఎలా వచ్చాడు?

అర్జెంటినోస్ జూనియర్స్ యువ జట్లలో తయారయ్యాడు. మారడోనా మొదలైంది కూడా ఆ క్లబ్‌లోనే. 1996లో బోకా అక్కడి నుంచి మరికొందరు కుర్రాళ్లతో పాటు అతన్నీ తీసుకుంది. అదే ఏడాది నవంబర్ 10న బోకా సొంత మైదానం లా బొంబొనేరా స్టేడియంలో యూనియన్ దె శాంటా ఫే జట్టు మీద మొదటి మ్యాచ్ ఆడాడు. అప్పటి కోచ్ కార్లోస్ బిలార్డో, అంటే 1986లో అర్జెంటీనాకు ప్రపంచ కప్ తెచ్చిన కోచ్. 18 ఏళ్ల కుర్రాడి ఆట చూసి ఆ రోజే స్టేడియం అతని పేరు పలికిందని బోకా అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

మరుసటి ఏడాది మలేసియాలో జరిగిన 20 ఏళ్ల లోపు ప్రపంచ కప్‌ను హోసే పెకర్మన్ కోచింగ్‌లో గెలిచిన అర్జెంటీనా జట్టులో రికెల్మే ఉన్నాడు. ఆ జట్టులో మిగతావాళ్ల పేర్లు కూడా చూడండి: పాబ్లో ఐమార్, ఎస్తెబాన్ కాంబియాసో, వాల్టర్ శామ్యూల్, లియోనెల్ స్కలోని. పాతికేళ్ల తర్వాత 2022లో మెస్సీ కప్పు ఎత్తినప్పుడు కోచ్ స్కలోని, అతని సహాయకుల్లో ఐమార్, శామ్యూల్ ఉన్నారు.

మారడోనా చివరి మ్యాచ్‌లో అతని స్థానంలో వచ్చింది రికెల్మేనేనా?

అవును. 1997 అక్టోబర్ 25, బోకా చిరకాల ప్రత్యర్థి రివర్ ప్లేట్ సొంత స్టేడియం మోన్యుమెంటల్. హాఫ్‌టైమ్‌లో మారడోనా బయటికి వెళ్లాడు, రికెల్మే లోపలికి వచ్చాడు. వెనకబడి ఉన్న బోకా 2-1తో గెలిచింది. మారడోనాకు అదే ఆఖరి అధికారిక మ్యాచ్ అవుతుందని ఆ క్షణంలో ఎవరికీ తెలియదు. ఎవరూ ముందుగా ఏర్పాటు చేయకుండానే ఒక తరం పని ఇంకో తరం చేతికి వచ్చింది.

అంత నెమ్మదిగా ఆడేవాడు కదా, మరి గొప్పవాడు ఎలా అయ్యాడు?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. దీనికి కొంచెం వివరంగా చెప్పాలి.

రికెల్మేకు పరుగులో వేగం లేదన్నది నిజమే. కానీ ఫుట్‌బాల్‌లో వేగం రెండు రకాలు. ఒకటి కాళ్లది, రెండోది బంతిది. అతను పరుగెత్తేవాడు కాదు, బంతిని పరుగెత్తించేవాడు. కచేరీలో కాలప్రమాణం పాడేవాళ్ల చేతిలో ఉన్నట్టు, మ్యాచ్ వేగం అతని పాదాల దగ్గర ఉండేది. జట్టు అలిసిపోయిందనిపిస్తే బంతిని తన దగ్గరే ఉంచుకుని అందరికీ ఊపిరి తీసుకునే సమయం ఇచ్చేవాడు. ఎదుటి డిఫెన్స్‌లో సందు కనిపించిన మరుక్షణం ఒకే పాస్‌తో ఆటను యాభై గజాలు ముందుకు తీసుకెళ్లేవాడు.

దీనికి అతని దగ్గర మూడు ఆయుధాలు ఉండేవి. మొదటిది కుడి పాదం అడుగు భాగం. బంతి మీద పాదం పెట్టి, ముందుకీ వెనక్కీ జరుపుతూ, మీదికొచ్చిన డిఫెండర్‌ను ఏమీ చేయలేని స్థితిలో నిలబెట్టేవాడు. రెండోది శరీరాన్ని అడ్డుపెట్టడం. వీపుతో, తుంటితో ప్రత్యర్థిని ఆపి బంతిని అవతలి వైపు దాచేవాడు. ఇద్దరు ముగ్గురు కలిసి లాగినా బంతి ఇవ్వకుండా, చివరికి ఫౌల్ తెచ్చుకునేవాడు. ఆ ఫౌల్ వల్ల వచ్చిన ఫ్రీ కిక్ మళ్లీ అతనిదే. మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆగగలగడం. పాస్ ఇవ్వాల్సిన చోట అర సెకను ఆగేవాడు. ఆ అర సెకనులో డిఫెండర్ ఒక అడుగు ముందుకు వేసేవాడు, వాడి వెనక ఖాళీ ఏర్పడేది, బంతి అక్కడికి చేరేది. చూసేవాళ్లకు బద్ధకంగా కనిపించింది ఈ ఎదురుచూపే.

అందుకే అతన్ని గోల్స్ హైలైట్స్‌లో చూస్తే సగమే తెలుస్తుంది. పూర్తి మ్యాచ్ చూడాలి.

బియాంచి కాలం అని దేన్ని అంటారు?

1998 మధ్యలో కార్లోస్ బియాంచి బోకా కోచ్‌గా వచ్చాడు. అప్పటికి క్లబ్ పేరు పెద్దది, కప్పులు తక్కువ. బియాంచి ఒక స్పష్టమైన నిర్ణయం తీసుకున్నాడు: రికెల్మేకు 10 నంబర్, జట్టు అతని చుట్టూ. వెనకాల సెర్నా, బటాలియా లాంటి వాళ్లు బంతి గెలిచి ఇస్తారు, ముందు మార్టిన్ పలెర్మో గోల్ పెట్టె దగ్గర కాచుకుని ఉంటాడు, మధ్యలో ఆలోచించే పని రికెల్మేది. అప్పట్లో అర్జెంటీనా లీగ్ ఒక సీజన్‌లో అపెర్తూరా, క్లౌసూరా అని రెండు టోర్నీలుగా జరిగేది. 1998 అపెర్తూరాను ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా గెలిచారు. 1999 క్లౌసూరా కూడా గెలిచారు. అలా లీగ్‌లో వరసగా 40 మ్యాచ్‌లు ఓటమి లేకుండా సాగింది.

తర్వాత 2000లో కోపా లిబెర్తదోరెస్, అంటే దక్షిణ అమెరికా క్లబ్బుల ఛాంపియన్‌షిప్. ఫైనల్లో బ్రెజిల్ క్లబ్ పాల్మెయిరాస్‌ను పెనాల్టీల్లో ఓడించారు. 2001లో మెక్సికో క్లబ్ క్రూస్ అసూల్ మీద మళ్లీ పెనాల్టీల్లోనే గెలిచి కప్పు నిలబెట్టుకున్నారు.

ఈ రెండిటి మధ్య వచ్చింది టోక్యో రాత్రి. 2000 నవంబర్ 28, ఇంటర్‌కాంటినెంటల్ కప్ (యూరప్, దక్షిణ అమెరికా క్లబ్ ఛాంపియన్ల మధ్య మ్యాచ్), ఎదురుగా ఫిగో, రౌల్, రొబెర్తో కార్లోస్, కసియస్ ఉన్న రియల్ మాడ్రిడ్. మూడో నిమిషంలో పలెర్మో గోల్. ఆరో నిమిషంలో రికెల్మే తన సగం మైదానం నుంచే పొడుగాటి పాస్ వేశాడు, పలెర్మో దాని వెంట పరుగెత్తి రెండో గోల్ కొట్టాడు. కాసేపటికి రొబెర్తో కార్లోస్ ఒకటి తగ్గించాడు. మిగతా గంటకు పైగా సమయం ఏం జరిగిందో చూడాలి. బోకాకు ఊపిరాడటం కష్టమైన ప్రతిసారీ బంతి రికెల్మే దగ్గరికి వచ్చేది, అక్కడ ఆగేది. మాడ్రిడ్ మిడ్‌ఫీల్డ్ అతని చుట్టూ తిరిగింది, తీసుకోలేకపోయింది. 2-1తో బోకా గెలిచింది. రెండు గోల్స్ కొట్టిన పలెర్మోకు ‘మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్’ దక్కింది, అది న్యాయమే. కానీ ఆ మ్యాచ్ చూసిన యూరప్‌కు గుర్తుండిపోయిన ఆటగాడు రికెల్మే.

యెపెస్ కాళ్ల మధ్య నుంచి బంతి పంపిన ఆ వీడియో ఎప్పటిది?

2000 మే 24. లిబెర్తదోరెస్ క్వార్టర్ ఫైనల్ రెండో మ్యాచ్, బొంబొనేరాలో బోకా, రివర్ తలపడ్డాయి. పక్క గీత దగ్గర గోల్‌కు వీపు పెట్టి నిలబడిన రికెల్మే మీదికి రివర్ డిఫెండర్ మారియో యెపెస్ వచ్చాడు. రికెల్మే వెనక్కి చూడకుండానే పాదం అడుగుతో బంతిని వెనక్కి లాగి యెపెస్ కాళ్ల మధ్య నుంచి పంపాడు. తను పక్క నుంచి తిరిగి వెళ్లి అందుకున్నాడు. దానివల్ల గోల్ రాలేదు. అయినా పాతికేళ్లుగా అర్జెంటీనాలో దాన్ని మళ్లీ మళ్లీ వేస్తూనే ఉన్నారు. ఆ రాత్రి బోకా 3-0తో గెలిచింది. రికెల్మే పెనాల్టీ గోల్ ఉంది, చాలా నెలల మోకాలి గాయం తర్వాత సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన పలెర్మో గోల్ కూడా ఉంది.

గోల్ కొట్టాక చెవుల దగ్గర చేతులు పెట్టి నిలబడతాడు కదా, ఎందుకు?

2001 ఏప్రిల్ 8న రివర్ మీద ఆడిన మ్యాచ్‌లో మొదలైంది. ఆ రోజుల్లో కాంట్రాక్టు విషయంలో అతనికీ, బోకా అధ్యక్షుడు మౌరిసియో మాక్రికీ మధ్య గొడవ నడుస్తోంది. పెనాల్టీని గోల్‌కీపర్ ఆపాడు. తిరిగొచ్చిన బంతిని రికెల్మే తలతో గోల్‌లోకి కొట్టాడు. తర్వాత మైదానం మధ్యకు నడిచి, అధ్యక్షుడు కూర్చునే బాక్సు వైపు తిరిగి, రెండు చెవుల వెనక అరచేతులు పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. స్టేడియం మొత్తం అతని పేరు అరుస్తోంది. తర్వాత అడిగితే, తన కూతురికి టోపో జిజో అంటే ఇష్టమని, అందుకే అలా చేశానని చెప్పాడు. టోపో జిజో అంటే పెద్ద చెవుల ఎలుక బొమ్మ, ఇటలీ టీవీ నుంచి వచ్చిన పాత్ర. అసలు సందేశం ఎవరికో అక్కడున్న అందరికీ అర్థమైంది. జీతం ఇచ్చే అధ్యక్షుడి ముందు, వేల మంది చూస్తుండగా, ఒక్క మాట అనకుండా తన మాట చెప్పగలగడం చిన్న ధైర్యం కాదు.

2022 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్లో నెదర్లాండ్స్ మీద పెనాల్టీ గోల్ కొట్టాక మెస్సీ కూడా ఇలాగే చెవుల దగ్గర చేతులు పెట్టుకుని అవతలి జట్టు బెంచ్ ముందు నిలబడ్డాడు. ఆ బెంచ్ మీద ఉన్న కోచ్ లూయీ వాన్ గాల్. కింది ప్రశ్న చదివితే ఆ దృశ్యాన్ని చాలామంది రికెల్మేతో ఎందుకు ముడిపెట్టారో తెలుస్తుంది.

బార్సిలోనాలో ఎందుకు నిలదొక్కుకోలేదు?

2002లో బార్సిలోనా అతన్ని కొన్నది. కానీ కోచ్ వాన్ గాల్ కోరుకున్న ఆటగాడు కాదు, క్లబ్ అధ్యక్షుడు తెచ్చిన ఆటగాడు. వాన్ గాల్ ఆ విషయం దాచలేదు కూడా. జట్టు దగ్గర బంతి ఉంటే నువ్వు గొప్పవాడివి, లేనప్పుడు మాత్రం మేం ఒక మనిషి తక్కువతో ఆడుతున్నట్టే అని కోచ్ తనతో అన్నాడని రికెల్మే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. మధ్యలో ఆడాల్సిన మనిషిని పక్కకు పెట్టి ఆడించారు, చాలాసార్లు బెంచ్ మీద కూర్చోబెట్టారు. ఆ సీజన్ మధ్యలోనే, 2003 జనవరిలో, వాన్ గాల్ కూడా వెళ్లిపోయాడు. బార్సిలోనా లీగ్‌లో ఆరో స్థానంతో సరిపెట్టుకుంది. మరుసటి వేసవిలో రొనాల్డీన్యో వచ్చాడు, రికెల్మే విల్లారియల్‌కు లోన్ మీద వెళ్లాడు.

ఆ ఏడాదికి ముందు ఇంకో కష్టం కూడా ఉంది. 2002లో అర్జెంటీనాలో అతని తమ్ముణ్ని కిడ్నాప్ చేశారు. డబ్బు చెల్లించి విడిపించుకున్నాడు. అంత టెన్షన్ మోస్తూ కొత్త దేశంలో అడుగుపెట్టిన 24 ఏళ్ల మనిషి అతను.

యూరప్‌లో ఫెయిలయ్యాడని ఇప్పటికీ రాసేవాళ్లు ఈ ఒక్క సీజన్ చూసి ఆగిపోతారు. నేను దానితో ఒప్పుకోను. తర్వాత మూడేళ్లు ఏం జరిగిందో చూసినవాళ్లెవరూ ఆ మాట అనలేరు.

విల్లారియల్‌లో ఏం సాధించాడు?

విల్లారియల్ స్పెయిన్ తూర్పు తీరానికి దగ్గర్లో ఉన్న చిన్న ఊరు. జనాభా యాభై వేల చుట్టుపక్కల. టైల్స్ ఫ్యాక్టరీలకు పేరు. ఆ ఊరి క్లబ్ స్పెయిన్ మొదటి డివిజన్‌కు వచ్చిందే 1998లో. అలాంటి చోటికి 2003లో వెళ్లి రికెల్మే 8 నంబర్ జెర్సీ వేసుకున్నాడు. మొదటి సీజన్‌లోనే యూఈఎఫ్ఏ కప్ (ఛాంపియన్స్ లీగ్ తర్వాత యూరప్ క్లబ్బుల రెండో టోర్నీ) సెమీఫైనల్. 2004లో చిలీకి చెందిన మాన్యుయెల్ పెల్లెగ్రిని కోచ్‌గా వచ్చాక, బియాంచి చేసిన పనే చేశాడు: జట్టును రికెల్మే చుట్టూ కట్టాడు. వెనక మార్కోస్ సెనా, ఎడమ వైపు సోరిన్, అర్రువబర్రెనా, ముందు ఉరుగ్వే స్ట్రైకర్ డియెగో ఫొర్లాన్. డ్రెస్సింగ్ రూమ్‌లో సగం మంది దక్షిణ అమెరికా వాళ్లే.

2004-05లో బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ తర్వాత మూడో స్థానం. ఫొర్లాన్ 25 గోల్స్‌తో లీగ్‌లో టాప్ స్కోరర్, రికెల్మే సొంతంగా 15 గోల్స్. మరుసటి ఏడాది క్లబ్ చరిత్రలో మొదటిసారి ఛాంపియన్స్ లీగ్. క్వాలిఫయింగ్‌లో ఎవర్టన్‌ను దాటారు. మాంచెస్టర్ యునైటెడ్, బెన్ఫికా, లీల్ ఉన్న గ్రూపులో మొదటి స్థానంలో నిలిచారు. యునైటెడ్ ఆ గ్రూపు దాటలేక ఇంటికి వెళ్లింది. తర్వాత రేంజర్స్, ఆ తర్వాత ఇంటర్ మిలాన్. మిలాన్‌లో 2-1తో ఓడినా, సొంత మైదానంలో రికెల్మే ఫ్రీ కిక్‌ను అర్రువబర్రెనా తలతో గోల్‌గా మార్చాడు. 1-0 గెలుపు, రెండు మ్యాచ్‌లూ కలిపి 2-2, ప్రత్యర్థి మైదానంలో కొట్టిన గోల్ ఆధారంగా సెమీఫైనల్. అలాంటి చిన్న ఊరి జట్టు యూరప్ చివరి నాలుగింటిలో ఒకటి. దాని మెదడు రికెల్మే.

ఆర్సెనల్ మీద మిస్ చేసిన పెనాల్టీ సంగతి?

సెమీఫైనల్ మొదటి మ్యాచ్ లండన్‌లో ఆర్సెనల్ 1-0తో గెలిచింది. 2006 ఏప్రిల్ 25న రెండో మ్యాచ్ విల్లారియల్ సొంత ఎల్ మాడ్రిగల్ స్టేడియంలో. విల్లారియల్ ఒత్తిడి తెస్తూనే ఉంది, గోల్ రావడం లేదు. ఆట ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుందనగా పెనాల్టీ దొరికింది. గోల్ అయితే ఎక్స్‌ట్రా టైమ్. రికెల్మే కొట్టాడు, యెన్స్ లేమన్ తన ఎడమ వైపుకు దూకి ఆపేశాడు. 0-0, ఆర్సెనల్ ఫైనల్‌కు.

ఈ ఒక్క కిక్‌తో అతని మొత్తం కెరీర్‌ను తూకం వేసేవాళ్లున్నారు. అసలు ఆ జట్టును ఆ కిక్ దాకా తెచ్చిందెవరో వాళ్లు చెప్పరు.

2006 ప్రపంచ కప్‌లో ఎలా ఆడాడు? జర్మనీ మ్యాచ్‌లో ఎందుకు బయటికి తీశారు?

అతను ఆడిన ఒకే ఒక్క ప్రపంచ కప్ అది. 2002 జట్టుకు అప్పటి కోచ్ మార్సెలో బియెల్సా అతన్ని తీసుకోలేదు. 2006లో కోచ్ పెకర్మన్, కుర్రాడిగా ఉన్నప్పుడు అతన్ని తీర్చిదిద్దిన మనిషే. జట్టు 10 నంబర్, ఆట బాధ్యత రెండూ రికెల్మేకే ఇచ్చాడు.

ఐవరీ కోస్ట్ మీద 2-1. తర్వాత సెర్బియా మాంటెనెగ్రో మీద 6-0. ఆ మ్యాచ్‌లో కాంబియాసో కొట్టిన రెండో గోల్‌ను ప్రపంచ కప్ చరిత్రలోని అందమైన జట్టు గోల్స్‌లో ఒకటిగా లెక్కిస్తారు. పాతికకు దగ్గరగా పాస్‌లు, మైదానం ఆ చివరి నుంచి ఈ చివరికి, మధ్యలో బంతి రికెల్మే దగ్గరికి వచ్చి పోతూ ఉంటుంది. చివర్లో క్రెస్పో మడమతో వెనక్కి ఇస్తే కాంబియాసో పూర్తి చేశాడు. ఆ గోల్‌లో ఎక్కడా తొందర కనిపించదు. అది రికెల్మే ఆట నడక.

మెక్సికోను ఎక్స్‌ట్రా టైమ్‌లో దాటి, జూన్ 30న బెర్లిన్‌లో ఆతిథ్య జర్మనీతో క్వార్టర్ ఫైనల్. మన దగ్గర రాత్రి ఎనిమిదిన్నరకు మొదలైన మ్యాచ్. 49వ నిమిషంలో రికెల్మే కార్నర్, అయాలా హెడర్, అర్జెంటీనా 1-0. ఆట చేతిలో ఉంది. అప్పుడు గోల్‌కీపర్ అబొండన్సియేరి గాయంతో బయటికి వెళ్లాల్సి వచ్చింది, ఒక సబ్‌స్టిట్యూషన్ అక్కడ ఖర్చయింది. 72వ నిమిషంలో పెకర్మన్ రికెల్మేను తీసి కాంబియాసోను పంపాడు. ఆధిక్యం కాపాడుకోవాలన్నది ఆలోచన. ఆఖరి మార్పులో క్రెస్పో స్థానంలో హూలియో క్రూస్ వచ్చాడు. 19 ఏళ్ల మెస్సీ బెంచ్ మీదే ఉండిపోయాడు. 80వ నిమిషంలో క్లోజె సమం చేశాడు. పెనాల్టీల్లో జర్మనీ 4-2తో గెలిచింది. అయాలా, కాంబియాసోల కిక్‌లు ఆపిన గోల్‌కీపర్ మళ్లీ లేమనే.

పెకర్మన్‌ను నేను గౌరవిస్తాను. అయినా ఆ మార్పు తప్పు అనే నా అభిప్రాయం. ఆధిక్యాన్ని కాపాడటానికి అన్నిటికన్నా మంచి మార్గం బంతిని ఎదుటివాళ్లకు ఇవ్వకపోవడం. ఆ పని ప్రపంచంలో అందరికన్నా బాగా తెలిసినవాడు అప్పుడే మైదానం వదిలి వెళ్లాడు. అతను వెళ్లాక అర్జెంటీనా వెనక్కి జరిగింది, బంతి జర్మనీ దగ్గరే ఉంది.

మెస్సీతో కలిసి ఆడాడా?

ఆడాడు. 2006లో కొద్దిగా, 2007 కోపా అమెరికా (దక్షిణ అమెరికా దేశాల ఛాంపియన్‌షిప్)లో పూర్తిగా, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కూడా. 2007 కోపాలో రికెల్మే ఐదు గోల్స్ కొట్టాడు, అర్జెంటీనా ఫైనల్ దాకా అందరినీ చిత్తు చేసి, ఫైనల్లో బ్రెజిల్ చేతిలో 3-0తో ఓడింది. బీజింగ్‌లో వయసు మినహాయింపుతో తీసుకున్న ముగ్గురు సీనియర్లలో ఒకడిగా, కెప్టెన్‌గా వెళ్లాడు. సెమీఫైనల్లో బ్రెజిల్ మీద 3-0, అందులో ఒకటి రికెల్మే పెనాల్టీ. ఫైనల్లో మెస్సీ పాస్‌తో డి మారియా కొట్టిన గోల్‌తో నైజీరియా మీద గెలిచి బంగారు పతకం.

ఇద్దరి పుట్టినరోజూ ఒకటే, జూన్ 24. మధ్యలో తొమ్మిదేళ్ల తేడా.

జాతీయ జట్టును రెండుసార్లు ఎందుకు వదిలేశాడు?

మొదటిసారి 2006 ప్రపంచ కప్ తర్వాత. విమర్శల వల్ల తన తల్లి ఆరోగ్యం దెబ్బతింటోందని, ఆమె కోసం తప్పుకుంటున్నానని చెప్పాడు. తర్వాతి ఏడాది కోచ్ అల్ఫియో బసీలే పిలుపుతో తిరిగొచ్చాడు. 2007 అక్టోబర్‌లో చిలీ మీద 2-0 గెలుపులో రెండు గోల్స్ అతని ఫ్రీ కిక్‌లే.

రెండోసారి 2009 మార్చిలో. అప్పటి కోచ్ మారడోనా టీవీలో అతని ఆట మీద బహిరంగంగా మాట్లాడాడు. ఇద్దరి పద్ధతులు కలవవని చెప్పి రికెల్మే ఆపేశాడు, మళ్లీ వెనక్కి తిరిగి చూడలేదు. అర్జెంటీనాకు 51 మ్యాచ్‌లు, 17 గోల్స్.

2007 లిబెర్తదోరెస్ గురించి బోకా అభిమానులు అంతగా ఎందుకు చెప్పుకుంటారు?

ఒక మనిషి ఒక పెద్ద టోర్నీని ఇంతలా తన చేతుల్లోకి తీసుకోవడం చాలా అరుదు కాబట్టి. పెల్లెగ్రినితో సంబంధాలు చెడి, విల్లారియల్‌లో ఆట ఆగిపోయి, 2007 ఫిబ్రవరిలో కొద్ది నెలల లోన్ మీద బోకాకు వచ్చాడు. కోచ్ మిగెల్ ఆంహెల్ రుస్సో. టోర్నీలో ఎనిమిది గోల్స్ కొట్టాడు. ఫైనల్లో బ్రెజిల్ క్లబ్ గ్రేమియోతో మొదటి మ్యాచ్ 3-0, అందులో అతనిది ఒక ఫ్రీ కిక్ గోల్. పోర్తో అలెగ్రేలో రెండో మ్యాచ్ 2-0, రెండూ అతనివే. టోర్నీ ఉత్తమ ఆటగాడు కూడా అతనే. 29 ఏళ్లు నిండడానికి నాలుగు రోజుల ముందు ఆ రెండో ఫైనల్ జరిగింది. నెలల తరబడి మ్యాచ్‌లు లేని మనిషి వచ్చి ఒక ఖండం కప్పును ఇంటికి మోసుకొచ్చాడు.

అతను పూర్తిగా బోకాకు వచ్చింది ఆ ఏడాది చివర్లో. కాగితాలు సమయానికి పూర్తికాక, 2007 డిసెంబర్ క్లబ్ ప్రపంచ కప్‌లో మిలాన్‌తో ఫైనల్ ఆడలేకపోయాడు. బోకా 4-2తో ఓడింది.

చివరి సంవత్సరాలు ఎలా గడిచాయి?

గాయాలు ఎక్కువయ్యాయి. అయినా 2008 అపెర్తూరా, 2011 అపెర్తూరా, కోపా అర్జెంటీనా (దేశీయ కప్) వచ్చాయి. 2012 జూలైలో లిబెర్తదోరెస్ ఫైనల్లో కొరింథియన్స్ చేతిలో ఓడిన రాత్రే, తనలో ఇవ్వడానికి ఇంకేం మిగల్లేదని చెప్పి బోకా వదిలేశాడు. కొన్ని నెలల తర్వాత బియాంచి కోచ్‌గా తిరిగొచ్చాక మళ్లీ వచ్చాడు. 2014లో కాంట్రాక్టు పొడిగింపు కుదరక, చిన్నప్పటి క్లబ్ అర్జెంటినోస్ జూనియర్స్‌కు వెళ్లాడు. అప్పుడు ఆ క్లబ్ రెండో డివిజన్‌లో ఉంది. అదే ఏడాది డిసెంబర్‌లో మొదటి డివిజన్‌కు ఎక్కింది. 2015 జనవరి 25న రిటైర్మెంట్ ప్రకటించాడు.

అంకెల్లో చెప్పండి?

బోకాకు 388 మ్యాచ్‌లు, 92 గోల్స్, 11 కప్పులు. వాటిలో లిబెర్తదోరెస్ మూడు, ఇంటర్‌కాంటినెంటల్ ఒకటి, రెకోపా (దక్షిణ అమెరికా క్లబ్ కప్పుల విజేతల మధ్య పోటీ) ఒకటి, లీగ్ టైటిల్స్ ఐదు, కోపా అర్జెంటీనా ఒకటి. దక్షిణ అమెరికా ఉత్తమ ఆటగాడు 2001లో. అర్జెంటీనా క్రీడా పాత్రికేయులు ఇచ్చే ఏటి ఉత్తమ ఫుట్‌బాలర్ అవార్డు 2000, 2001, 2008, 2011లో.

ఇప్పుడు ఏం చేస్తున్నాడు?

2019 డిసెంబర్‌లో బోకా ఉపాధ్యక్షుడయ్యాడు, ఫుట్‌బాల్ వ్యవహారాలు అతని చేతికి వచ్చాయి. 2023 డిసెంబర్‌లో అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. అక్కడ క్లబ్ సభ్యులే ఓటు వేసి అధ్యక్షుణ్ని ఎన్నుకుంటారు. ఎదుటి పక్షంలో అభ్యర్థి ఆంద్రెస్ ఇబార్రా, అతనితో పాటు ఉపాధ్యక్ష పదవికి నిలబడింది మౌరిసియో మాక్రి. అవును, 2001లో ఆ చెవుల సైగ ఎవరి కోసమో ఆ మాక్రినే. మధ్యలో అతను 2015 నుంచి 2019 దాకా అర్జెంటీనా దేశాధ్యక్షుడిగా కూడా చేశాడు. రికెల్మేకు దాదాపు మూడింట రెండు వంతుల ఓట్లు వచ్చాయి.

పదవి మాత్రం మైదానమంత సులువుగా లేదు. అతను ఉపాధ్యక్షుడిగా ఉండగా 2023 లిబెర్తదోరెస్ ఫైనల్లో బోకా ఫ్లుమినెన్సే చేతిలో ఓడింది. అధ్యక్షుడయ్యాక మొదటి రెండేళ్లలో పెద్ద కప్పేమీ రాలేదు, కోచ్‌లు మారుతూ వచ్చారు. అభిమానుల నుంచి విమర్శలు గట్టిగానే వచ్చాయి. ఆటగాడిగా అతన్ని ఎంత ప్రేమించినా, అధ్యక్షుడిగా అతని పనిని విడిగా తూకం వేయడమే న్యాయం అని నేను అనుకుంటాను.

అతనిలాంటి 10 నంబర్ ఇప్పుడు ఎందుకు కనిపించడు?

బంతి పోగానే ముందు వరస నుంచే వెంటపడి లాక్కోవడం ఇప్పుడు దాదాపు ప్రతి పెద్ద జట్టు పద్ధతి. పదకొండు మందీ పరుగెత్తాలి. ఒక్కణ్ని ఆ పని నుంచి మినహాయించి, మిగిలిన పదిమంది అతని కోసం పరుగెత్తే ఏర్పాటు కోచ్‌లకు రిస్క్‌గా కనిపిస్తుంది. ఆట నడిపే పని కూడా కొంచెం వెనక్కి, డిఫెన్స్ ముందు నిలబడే మిడ్‌ఫీల్డర్ దగ్గరికి జరిగింది. అక్కడైతే కాస్త ఖాళీ దొరుకుతుంది.

రికెల్మే కెరీర్ చెప్పే సంగతి కూడా ఇదే. బియాంచి, పెల్లెగ్రిని, పెకర్మన్ అతన్ని నమ్మి జట్టు కట్టారు, వాళ్లకు ఫలితం దక్కింది. నమ్మని చోట అతను మామూలు ఆటగాడిలా కనిపించాడు.

అతని ఆట తెలియాలంటే ఏ మ్యాచ్‌లు చూడాలి?

మొదట టోక్యోలో రియల్ మాడ్రిడ్ మ్యాచ్ పూర్తిగా. తర్వాత 2001 లిబెర్తదోరెస్ సెమీఫైనల్ రెండో మ్యాచ్, సావో పాలోలో పాల్మెయిరాస్‌తో 2-2. గోల్ కొట్టాడు, మిగతా ఆటంతా తన గుప్పిట్లో పెట్టుకున్నాడు, చివరికి బోకా పెనాల్టీల్లో గెలిచింది. ఇదే అతని అత్యుత్తమ మ్యాచ్ అనేవాళ్లలో నేనూ ఉన్నాను. 2005 జూన్ 8న బ్రెజిల్ మీద అర్జెంటీనా 3-1తో గెలిచిన ప్రపంచ కప్ క్వాలిఫయర్‌లో అతని దూరపు షాట్ గోల్ ఉంది. 2007లో గ్రేమియోతో ఆడిన రెండు ఫైనల్స్ వరసగా చూడండి.

చూసేటప్పుడు ఒక పని చేయండి. బంతి అతని దగ్గరికి వచ్చినప్పుడు అతన్ని వదిలేసి, చుట్టూ ఉన్న డిఫెండర్లను గమనించండి. అతను ఆగిన ఆ కొద్దిసేపట్లో వాళ్లు ఎటు కదులుతున్నారో, ఎక్కడ ఖాళీ ఏర్పడుతోందో చూడండి. తర్వాత పాస్ ఎక్కడికి వెళ్లిందో చూడండి.